దొర కారు వెనక సీట్లో కనకవ్వ

మొదటి రాయి కారు వెనక అద్దాన్ని పగలగొట్టింది. రెండో రాయి లోపల కూర్చున్న కనకవ్వ చెవిని చీల్చింది. మూడోది పడేలోపే ఆమె కొడుకు దేవేందర్ డ్రైవర్ సీట్లోంచి వీల్ పానా పట్టుకుని దిగి, ఎదురుగా ఉన్న రాజ్‌కుమార్ ముంజేతి మీద బలంగా వేశాడు. ఎముక విరిగిన చప్పుడు హోటల్లో చాయ్ కాచే మనిషికి కూడా వినిపించింది. ఆ తర్వాత ఊరి బస్టాండు దగ్గరున్న మగవాళ్ళంతా కలిసి దేవేందర్‌ను డాంబరు రోడ్డు మీద పడేసి కాళ్ళతో, చెప్పులతో, హోటల్ బల్ల నుంచి ఊడదీసిన కోడుతో కొట్టారు. ముందు పళ్ళు రాలాయి. పక్కటెముకలు విరిగాయి. కారుకు ముందు అద్దం తప్ప ఇంకే అద్దమూ మిగల్లేదు.

కారణమేమిటని అడిగితే అందరూ ఒకటే చెప్పారు. ముసల్ది "కూసోండ్రి" అన్నది.

అంతే. తిట్టలేదు, ఉమ్మలేదు, శాపనార్థాలు పెట్టలేదు. కూర్చోమంది. కూర్చోమన్నందుకు మనిషిని చావబాదే ఊరు ఎట్లాంటిదో తెలియాలంటే ఆ కారు సంగతి తెలియాలి. దానికంటే ముందు, దాన్ని నడిపినవాడి సంగతి తెలియాలి.

దేవేందర్‌ది సారంగాపూర్ మండలంలో ఒక ఊరు. తండ్రి నర్సయ్యకు గుంట భూమి లేదు, తాతకూ లేదు. నర్సయ్య ఊరివాళ్ళ చెరుకు కొట్టాడు, కొట్టిన చెరుకును ముత్యంపేట ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్ల మీదికి ఎత్తాడు, అట్లా ఎత్తుతూనే ఒకనాడు మోపు తన మీద పడి నడుము విరిగి, మంచం పట్టి చచ్చిపోయాడు. దేవేందర్ స్టీరింగ్ పట్టింది ఆ ట్రాక్టర్ల మీదే. పేదవాడు కాబట్టి మంచివాడై ఉంటాడనుకునే వాళ్ళకు ముందే చెప్పాలి, దేవేందర్ మంచివాడేమీ కాదు. చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. ఫ్యాక్టరీ గేటు ముందు లైన్లో తన ట్రాక్టరును అడ్డం దూర్చినవాణ్ణి కిందికి గుంజి, చెరుకు గడ ముక్కలయ్యేదాకా బాదినవాడు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక పురుషోత్తం రావు దగ్గర డ్రైవర్‌గా చేరాడు. పురుషోత్తం రావు ఆ ఊరి పాత దొరల ఇంటివాడు. కోటలాంటి వాళ్ళ గడీ కూలి చాలాకాలమైంది. నక్సలైట్ల తుపాకుల కాలంలో ఆ కుటుంబం జగిత్యాలకు మకాం మార్చి కాంట్రాక్టుల్లోకి దిగింది. ఊరు గడీకి దండం పెట్టడం మానేసింది. అది నిజమే, దాని మీద పాటలున్నాయి, ఉపన్యాసాలున్నాయి. ఉపన్యాసాల్లో రానిదేమిటంటే, గడీకి లేవడం మానేసిన ఊరే ఆ తర్వాత కారుకు లేవడం మొదలుపెట్టింది.

నల్లటి జర్మనీ కారు. అద్దాలకు నల్ల ఫిల్మ్, లోపల ఎవరున్నారో బయటికి కనిపించదు. అది మలుపు తిరిగితే చాలు, బస్టాండు దగ్గరి హోటల్ బల్లల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. భుజం మీది తువ్వాల చేతిలోకి దిగేది. లేవమని ఎవరూ చెప్పలేదు, లేవకపోతే చూస్తానని ఎవరూ బెదిరించలేదు. ఒకరికి కాలువ పని కావాలి, ఒకరికి కొడుకు నౌకరీ సంగతి మాట్లాడాలి, ఇంకొకరికి పట్టా కావాలి. కారు నెమ్మదించేది. వెనక అద్దం నాలుగు వేళ్ళ మేర దిగేది. అందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి గాలిని రెండుసార్లు కిందికి అదిమేది. "కూసోండ్రి, కూసోండ్రి." అద్దం ఎక్కేది. అప్పుడు కూర్చునేవారు.

అందరికంటే ముందు లేచేది మల్లేశం. ఒకప్పుడు దొర పొలాల్లో కూలీల మీద మేస్త్రీ. నాట్లప్పుడు కనకవ్వ వరుసలో వెనకబడితే పచ్చి బరిగెతో పిక్కల మీద కొట్టినవాడు. అతని కొడుకు రాజ్‌కుమార్ ఇప్పుడు గ్రామాభివృద్ధి కమిటీకి అధ్యక్షుడు. ఆ కమిటీకి చట్టంలో చోటు లేదు. ఊర్లో మాత్రం దానికి తప్ప ఇంక దేనికీ చోటు లేదు.

దేవేందర్ పదేళ్ళు ఆ కారు నడిపాడు, మూడు లక్షల కిలోమీటర్లు దాటించాడు. దొర అతన్ని తిట్టింది తక్కువ. బ్రేకు గట్టిగా పడినప్పుడు మాత్రం వెనక సీట్లోంచి చెప్పుకాలు వచ్చి మెడకు తగిలేది. "మెల్లగ పోనియ్యిరా" అనేవాడు దొర, కోపం కూడా లేకుండా, ఫోన్లో మాట్లాడుతున్న మాట ఆపకుండా. దేవేందర్ ఎవరికీ చెప్పలేదు. ఆ కోపమంతా కారును ముట్టుకున్నవాళ్ళ మీద తీర్చుకునేవాడు. ఒక పెళ్ళిలో తాళంచెవితో తలుపు మీద గీత గీసినవాణ్ణి మెడ వంచి, అదే గీత మీద మొహం రక్తం వచ్చేదాకా రుద్దాడు. అది దొర మీది భక్తి అనుకున్నారు చూసినవాళ్ళు. దొర కూడా అట్లాగే అనుకున్నాడు.

తర్వాత దొర కొడుకు అర్జున్ రావు కొత్త కారు కొన్నాడు, దానికి హైదరాబాద్ నుంచి డ్రైవర్ వచ్చాడు. దేవేందర్‌ను ఇంక రావద్దన్నారు. పాత కారు కోరుట్లకు పోయింది.

కోరుట్ల బైపాస్ మీద పాత కార్ల షెడ్డు గంగాధర్‌ది. దేవేందర్ తల్లిని వెంటబెట్టుకుని అక్కడికి పోయాడు. భార్య రాధిక రానంది. దొర ఎక్కి దిగిన బండి మనకెందుకని ఆమె వాదన. గల్ఫ్‌కు పోయేవాళ్ళను హైదరాబాద్ విమానాశ్రయంలో దింపి వస్తే ఇల్లు గడుస్తుందని అతని వాదన. డబ్బు ఎట్లా కూడిందన్నది ఇక్కడి ముచ్చట కాదు. ముచ్చట మీటరుది.

తాళంచెవి తిప్పితే మీటరు మీద తొంభై వేల చిల్లర కనిపించింది.

"గిదేందన్నా?" అన్నాడు దేవేందర్.

"తక్కువ తిరిగిందన్నట్టు. మంచిదే గద," అన్నాడు గంగాధర్.

"గీ బండి మూడు లక్షలు తిరిగింది."

"ఎవ్వలు చెప్పిండ్రు నీకు?"

"నేనే తిప్పిన."

గంగాధర్ అప్పుడు అతని మొహం సరిగ్గా చూశాడు. "ఓ, దొర డ్రైవర్‌వా? అయితె నీకు అంత ఎర్కనే. రేటు జర తగ్గిస్త తియ్యి."

"రేటు గాదు. మీటర్ ఎన్కటి లెక్కకే వెట్టు."

"పిస లేసిందారా నీకు? ఇన్నేండ్ల సంది గీ యాపారం జేస్తున్న, మీటర్ తగ్గియ్యమన్నోన్ని సూసిన గని ఎక్కియ్యమన్నోన్ని సూల్లె. రేపు అమ్మవోతె ఎవ్వడు కొంటడు?"

"అమ్మ."

"అమ్మకుంటె అమ్మకు. కని ఎందుకురా నీకు గా లెక్క?"

దేవేందర్ అతని చొక్కా గుండీల దగ్గర పట్టి, వెనక ఉన్న రేకు గోడకు గుద్దాడు. షెడ్డంతా దద్దరిల్లింది. "గా లక్షలన్ని నా మెడకాయ మీద తిరిగినయి. గవి నువ్వు కొట్టేసుడేంది?"

షెడ్డు బయట కుర్చీలో కూర్చున్న కనకవ్వ లేవలేదు. "ఇడ్సిపెట్టురా. మనిషి సస్తె మల్ల బండి ఎవ్వలమ్ముతరు," అన్నది.

సాయంత్రానికి మీటరు మళ్ళీ మూడు లక్షలు దాటింది. దీన్ని ఆత్మగౌరవమని రాసుకునేవాళ్ళు రాసుకోవచ్చు. దేవేందర్‌నడిగితే మాత్రం, మీటర్ తప్పు చూపిస్తే సర్వీసు ఎప్పుడు చేయించాలో ఎట్లా తెలుస్తుంది అంటాడు. రెండూ నిజమే కావచ్చు.

మర్నాడు బండి తీసుకుని ఊరికి బయలుదేరారు. తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టబోయాడు.

"నన్నెందుకు కట్టేస్తున్నవురా?"

"కట్టకుంటె బండి మొత్తుకుంటదే అవ్వా."

"మొత్తుకోని. ఎన్క కూసుంటె మొత్తుకుంటదా?"

"మొత్తుకోదు."

కోరుట్ల దాటకముందే కనకవ్వ బండి ఆపించి, వెనక్కి పోయి కూర్చుంది. రాజ్యాలు ఇట్లాంటి కారణాలతోనే తలకిందులవుతాయని చెప్పే ధైర్యం చరిత్రకారులకు ఉండదు.

దొర కారు అమ్మిన సంగతి, దేవేందర్ నౌకరీ పోయిన సంగతి ఊరికింకా తెలియదు. మలుపు తిరిగేసరికి బస్టాండు దగ్గర బల్లల మీదివాళ్ళంతా లేచారు. అదే కారు, అవే నల్లటి అద్దాలు, స్టీరింగ్ వెనక అదే దేవేందర్. మల్లేశం అందరికంటే ముందు లేచాడు, తువ్వాల చేతిలోకి దిగింది. రాజ్‌కుమార్ చెవి దగ్గరి ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. దేవేందర్ కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. వెనక అద్దం తన పక్కనున్న బటన్‌తో నాలుగు వేళ్ళు దించాడు. అవ్వకు కడుపులో తిప్పుతుంటే గాలి కోసం దించానని తర్వాత చెప్పాడు. గాలికైతే పూర్తిగా దించేవాడే.

అద్దం సందులోంచి మట్టి గాజుల చెయ్యి ఒకటి బయటికొచ్చి గాలిని రెండుసార్లు కిందికి అదిమింది.

"కూసోండ్రి, కూసోండ్రి. లేసుడెందుకు?"

మల్లేశం కూర్చున్నాడు. గొంతు ఎవరిదో చెవికి ఎక్కేలోపే మోకాళ్ళు మాట విన్నాయి. మిగతావాళ్ళు సగం వంగి ఆగిపోయారు. హోటల్ లోపలి నుంచి ఎవరో ఫక్కున నవ్వారు. రాయి కంటే ముందు పడింది ఆ నవ్వే.

కనకవ్వ పాపం తెలియక అన్నదని చెబితే వినేవాళ్ళకు కళ్ళు చెమ్మగిల్లుతాయి. అది అబద్ధం. ఆ మాట ఎవరిదో, ఆ చెయ్యి ఊపు ఎవరిదో, ఎదురుగా తువ్వాల పట్టుకుని నిలబడ్డది ఎవరో ఆమెకు తెలుసు. బరిగె వాతల గుర్తులు ఆమె పిక్కల మీద ఇంకా ఉన్నాయి. ఎగతాళి చేసింది, కావాలనే చేసింది, చేతనైనంత బాగా చేసింది.

జగిత్యాల దవాఖానలో దేవేందర్ పడుకుని ఉండగా పురుషోత్తం రావు బత్తాయిల సంచితో వచ్చాడు. ఈ కథలో దొరను దుర్మార్గుణ్ణి చేస్తే అందరికీ సుఖంగా ఉంటుంది. కానీ ఆ రోజు దొర చెయ్యి ఎవరి మీదా పడలేదు. రాళ్ళు వేసినవాళ్ళు లేచి నిలబడ్డవాళ్ళే.

"ఏమిరా దేవేందర్, బండి గావాల్నంటె నన్నడుగద్దా? నేనే ఇస్తుంటి గద," అన్నాడు దొర. దేవేందర్ నోరు వాచి ఉంది. "నాకైతె ఏం బాధ లేదు. మీ అవ్వ కూసుంటె సీటు అరుగుతదా? కని ఎన్క ఎందుకు కూసోవెట్టినవు? ముందట కూసోవెడితె ఎవ్వడన్న నోరు తెరుస్తుండెనా? ఊరన్నంక జర సూసుకోని నడువాలె."

చెవికి కట్టుతో మంచం పక్కన నేల మీద కూర్చున్న కనకవ్వ తల ఎత్తింది. "ముందట కూసుంటె కట్టేస్తున్నరు దొరా."

దొరకు అర్థం కాలేదు, నవ్వి వెళ్ళిపోయాడు. అతను తలుపు దాటాక దేవేందర్ సంచిని కాలితో తన్నాడు. బత్తాయిలు వార్డంతా దొర్లాయి. పక్కటెముకల నొప్పికి కళ్ళు తిరిగి, తన్నినవాడే మంచం మీదినుంచి కింద పడ్డాడు.

కేసులు రెండు వైపులా పడ్డాయి, రాజ్‌కుమార్ చెయ్యి విరిగింది కదా. హక్కుల సంఘాలవాళ్ళు వచ్చి, పగిలిన కారు పక్కన నిలబడితే ఫోటో తీస్తామన్నారు. దేవేందర్ ఒకతని ఫోన్ గుంజి గోడకేసి కొట్టాడు. దాంతో వాళ్ళూ రావడం మానేశారు.

చివరికి కమిటీ తీర్పు చెప్పింది. బండి ఊర్లోకి రావచ్చు. వెనక సీటు ఖాళీగా రావాలి. ముసల్ది ఎక్కితే ముందు సీట్లోనే ఎక్కాలి. ఒప్పుకోకపోతే ఆ ఇంటితో ఎవరూ మాట్లాడొద్దు, మాట్లాడినవాళ్ళకు జరిమానా. మర్నాడే కిరాణా దుకాణంలో రాధిక చేతిలోంచి ఉప్పు పొట్లం వెనక్కి తీసుకున్నారు. పక్కింటి చంద్రవ్వ ఆమెను చూసి తలుపు వేసుకుంది.

ఇప్పుడు దేవేందర్ ముందున్నది ఒకటే ప్రశ్న. తల్లిని వెనక కూర్చోబెట్టుకుని ఊర్లోకి వస్తాడా, రాడా. ముందు సీటుకు ఒప్పుకుంటే ఆ కారు ఇంకా దొరదే, తను ఇంకా డ్రైవరే. ఒప్పుకోకుండా వస్తే ఈసారి పక్కటెముకలతో ఆగదు.

"అమ్మేసెయ్యి," అంది రాధిక. "సిరిసిల్లల తుక్కోనికి ఇచ్చేసెయ్యి. గా డబ్బ కోసం నా పిల్లలు ఉప్పు లేని కూడు తినాల్నా?"

దేవేందర్ ఆమె చెంప మీద కొట్టాడు. రాధిక తను బీడీలు చుట్టే చాట రెండు చేతులా ఎత్తి, ఇంకా అతకని పక్కటెముకల మీద అంచు దిగేలా వేసింది. అతను కూలబడ్డాడు. తంబాకు ఇల్లంతా చిందింది.

"నిన్ను తొక్కిన దొర మీద లేవని చెయ్యి నా మీద లేస్తున్నది. ఆల్లకు నీకు ఫరకేంది?"

దేవేందర్ గోడ పట్టుకుని లేవబోయాడు. ఊపిరి అందలేదు.

పిల్లల్ని వీర్నపల్లిలో తన అన్న ఇంట్లో దింపి, రాధిక అదే కారులో అతనితో సిరిసిల్ల పోయింది. కారు అమ్మించడానికే పోయింది. అద్దాల్లేని కారులో దుమ్మంతా లోపలే. పవర్‌లూమ్ షెడ్ల వెనక సాయితేజది తుక్కు కార్ల దుకాణం. అక్కడ అదే రకం కారు ఒకటి ముందు భాగం నుజ్జయి పడి ఉంది. తలుపుల అద్దాలు, వెనక అద్దం మాత్రం బాగున్నాయి.

సాయితేజ మీటరు చూసి తల ఊపాడు. "అన్నా, గిన్ని కిలమీటర్లంటె ఇగ దీంట్ల ఏం లేదు. నాకిస్తె విప్పి అమ్ముకుంట."

రాధిక దేవేందర్ వైపు చూసింది, అతను నుజ్జయిన కారు వైపు చూస్తున్నాడు. దాని డ్రైవర్ సీటు మీద రక్తం ఎండి నల్లగా ఉంది. వెనక సీటు మీద మరక కూడా లేదు. ఆమె కూడా అది చూసింది: రక్తం నడిపేవాడిది, వెనక కూర్చున్నవాడికి గీత కూడా పడలేదు.

"అద్దాలు విప్పి దీనికి వెట్టు తమ్మీ," అంది.

పని అయ్యాక సాయితేజ అడిగాడు. "నల్ల ఫిల్మ్ ఎయ్యాల్నా వదినా? ఎన్కటి తీర్గనే కనవడ్తది."

"అద్దు. లోపట ఎవ్వలున్నరో కనవడకనే గద లేసిండ్రు. కనవడనియ్యి. సూసి లేస్తరో కూసుంటరో ఆల్ల ఇష్టం." తర్వాత ఇనుప సామాను కుప్ప వైపు చెయ్యి చూపింది. "పానా ఒకటియ్యి. మాది పోలీసులు కొంటవోయిండ్రు."

చెవి కుట్లు విప్పించుకోవడానికి ఆ రోజే జగిత్యాల దవాఖానకు పోయిన కనకవ్వను అక్కడ ఎక్కించుకున్నారు. అడక్కుండానే వెనక తలుపు తీసుకుని కూర్చుంది. రాధిక ముందు సీట్లో, బెల్టు పెట్టుకుని, ఒళ్ళో పానా. ఎవరో ఫోన్ చేసి ఉంటారు, ఊర్లో బస్టాండు దగ్గర అప్పటికే జనం చేరారు. రాజ్‌కుమార్ మెడకు వేలాడేసిన పిండికట్టుతో మధ్యలో నిలబడ్డాడు.

"ఎవ్వలు లేవద్దు," అన్నాడు బల్లల మీదివాళ్ళతో. "బండి దగ్గరికచ్చినంక నేను చెప్తె అప్పుడు లేవాలె, రాళ్ళతోని."

లేవొద్దని ముందే చెప్పాల్సి రావడం ఎవరికీ వింతగా తోచలేదు.

మల్లేశం రోడ్డుకు వీపు పెట్టి చాయ్ తాగుతున్నాడు. మలుపు దగ్గర ఆ ఇంజను చప్పుడు వినిపించింది, మూడు లక్షలు తిరిగినా మారని చప్పుడు. మల్లేశం లేచాడు. వెనక్కి తిరిగి చూడనేలేదు. గ్లాసు కింద పెట్టాడు, తువ్వాల భుజం మీదినుంచి దించాడు.

రాజ్‌కుమార్ బాగున్న చేత్తో తండ్రి చెంప మీద కొట్టాడు.

"ఎవ్వలకు లేస్తున్నవు బాపూ?"

ముసలాయన బల్ల మీద పడ్డాడు. పెదవి చిట్లి రక్తం గడ్డం దాకా వచ్చింది. గ్లాసు కింద పడి పగిలింది. కారు అప్పటికి హోటల్ ఎదురుగా వచ్చింది, అద్దాలన్నీ దించి ఉన్నాయి, వెనక కూర్చున్నది ఎవరో అందరికీ కనిపిస్తోంది. మల్లేశం బల్ల పట్టుకుని మళ్ళీ లేచాడు. ఈసారి చూసింది కారును కాదు, కొడుకును.

"నువ్వు పుట్టకముందు సంది లేస్తున్న. లేసి లేసి నిన్ను సాదిన. నన్ను కొడ్తవార?"

చేతికర్ర ఎత్తి పిండికట్టు మీద వేశాడు. రాజ్‌కుమార్ అరుపు బడి దాకా వినిపించింది. ఇంకో దెబ్బ పడింది, ఈసారి భుజం మీద. రాజ్‌కుమార్ కిందపడి తండ్రి కాళ్ళు గుంజాడు. ఇద్దరూ గాజు పెంకుల మీద దొర్లారు. రాళ్ళు పట్టుకున్నవాళ్ళు రాళ్ళు వదిలేసి తండ్రీకొడుకులను విడదీయడానికి పరిగెత్తారు. వాళ్ళలో వాళ్ళకు పాత కక్షలు చాలా ఉన్నాయి, విడదీయబోయినవాళ్ళు కూడా ఒకరినొకరు గుద్దుకోవడం మొదలుపెట్టారు.

దేవేందర్ కాలు అలవాటుగా బ్రేకు మీదికి పోయింది.

"ఆపకు. పోనియ్యి," అంది రాధిక, పానా మీద చెయ్యి తియ్యకుండా.

తల పైనున్న చిన్న అద్దంలో చూస్తే తల్లి చెయ్యి కిటికీ అంచు దాకా వచ్చి ఆగి ఉంది. కారు వాళ్ళుండే కాలనీ వైపు మళ్ళేదాకా అట్లాగే ఉంది. తర్వాత లోపలికి తీసుకుంది.

"ఏమన్న అంటవనుకున్ననే అవ్వా," అన్నాడు దేవేందర్.

"ఏమనాలెరా? కూసునేటట్టున్నరా ఆల్లు?"